దింపుడు పెట్టె

రెండు ఉల్లిగడ్డలు ఈ దేశంలో ఎవరూ అమ్మరు. నమ్మకపోతే హిందూపురం మార్కెట్టుకు పోయి అడిగి చూడండి. కిలో ఇస్తారు, అరకిలో ఇస్తారు, బాగా బతిమాలితే పావుకిలో తూచి, పైన కొసరుగా కాస్త జాలి వేసి ఇస్తారు. రెండంటే మాత్రం, "ఇంట్లో ఆడోళ్లు లేరేమప్పా?" అని అడుగుతారు. ఆ పావుకిలోలో నేను రెండు వాడతాను. మిగిలినవి మొలకలెత్తి, గదిలో నాకంటే పచ్చగా బతుకుతుంటాయి.

దీనికీ నేను చెప్పబోయేదానికీ సంబంధం లేదు. నేను చెప్పబోయేది ఒక ఇనుప పెట్టె గురించి. ఒక బి.యస్సీ పట్టభద్రుడు తన సొంత బండిలో, సొంత బుర్రతో, దగ్గరుండి చేయించుకున్న సర్వనాశనం గురించి. భయపడకండి, ఇందులో ఎవరికీ ప్రాణహాని లేదు. ఒక నిమ్మకాయ మాత్రం నలిగింది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో నేను బోరు మోటార్లు బాగుచేసేవాణ్ని. ఫిజిక్సు చదివినవాడికి మోటార్ల గుట్టు తెలిసే ఉంటుందని చుట్టుపక్కల పల్లెల వాళ్లు నమ్మారు. వాళ్ల నమ్మకం చెడగొట్టడం ఇష్టం లేక నేర్చుకున్నాను. నాకొక పాత పికప్పు బండి ఉండేది. నా చేతికి రాకముందు అది టమాటాలు మోసింది. ఎండాకాలం వస్తే ఇప్పటికీ దాన్ని చూసిన ఆవులు తల తిప్పుతాయి. ఆ బండిలో గోనెసంచి నిండా పనిముట్లు వేసుకుని రొళ్ల నుంచి పెనుకొండ దాకా తిరిగేవాణ్ని. ప్రతి ఊళ్లో ఒక స్పానరు మరిచిపోయి వచ్చేవాణ్ని. ఆ వైపు నా స్పానరు లేని పల్లె లేదంటే అతిశయోక్తి కాదు. కొన్ని పల్లెల్లో రెండున్నాయి.

అందుకని బండికి ఒక పనిముట్ల పెట్టె కావలసి వచ్చింది. బండి వెనకభాగం పొడవు ఏడడుగులు. క్యాబిను వెనకాల, ఈ పక్క నుంచి ఆ పక్కదాకా, రెండడుగుల వెడల్పున పెట్టె పెడితే అయిదడుగులు మిగులుతాయి. మామూలుగా అయితే అది చాలు. కానీ ఆ ఏడు దసరాకు నాకు ఏడడుగులూ కావాలి. కారణం రామాంజి.

రామాంజి బట్టల కొట్లో పని చేసేవాడు. స్టేషను దగ్గర ఒకే గదిలో ఇద్దరం ఆరేళ్లు ఉన్నాం. ఆ ఆరేళ్లలో మేము మాట్లాడుకున్నదంతా ఒక పోస్టుకార్డు మీద రాస్తే ఇంకా చిరునామాకు చోటు మిగులుతుంది. నేను వండేవాణ్ని, అతను గిన్నెలు తోమేవాడు. కిలో ఉల్లిగడ్డలు వారానికి సరిగ్గా సరిపోయేవి. ఆ ఎండాకాలంలో అతనికి ధర్మవరం సంబంధం కుదిరి పెళ్లయింది. అత్తగారింట్లో నాలుగు పట్టుమగ్గాలు, ఒక్కతే కూతురు. కాబట్టి ఇతను అక్కడికే ఇల్లటం, అంటే ఇల్లరికం, పోవాలి. విజయదశమి పొద్దున తొమ్మిదిలోపు ఇంట్లో కాలు పెట్టమన్నారు. ఇల్లటం వచ్చే అల్లుడు తన మంచం తానే తెచ్చుకుంటే నిలకడగా ఉంటాడని ఆ ఇంటి అవ్వ నమ్మకమట, మంచంతో సహా రమ్మన్నారు. మంచం పొడవు ఆరుంబావు అడుగులు.

"నా బండి ఉండంగా ఇంగో బండి యాలప్పా?" అన్నాను.

సామాన్ల మీద ప్రేమతో అన్న మాట కాదది. హిందూపురం నుంచి ధర్మవరం ఎనభై కిలోమీటర్లు. ముందు సీట్లో ఇద్దరమే ఉంటాం. ఆరేళ్లుగా మాట్లాడనివి నాలుగు మాటలు ఆ దారిలో మాట్లాడదామని నా ఆశ. ఏమిటవి అని అడక్కండి, నాకూ తెలియదు. బండి కదిలితే అవే వస్తాయనుకున్నాను. పెనుకొండలో ఆగి కాఫీ తాగుదామని కూడా అనుకున్నాం. అనుకున్నామంటే, నేను అన్నాను, అతను తలూపాడు.

అందువల్ల పెట్టె బిగించాలి, దసరాకు దింపాలి, దసరా తర్వాత మళ్లీ ఎక్కించాలి. దీనికి నేనే 'దింపుడు పెట్టె' అని పేరు పెట్టి, కాగితం మీద స్కేలుతో బొమ్మ గీసి, వెల్డింగు డేవిడ్ దగ్గరికి తీసుకుపోయాను. డేవిడ్ ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, చివరికి దానితో చేతులు తుడుచుకున్నాడు.

"నోటితో చెప్పు సార్" అన్నాడు.

చెప్పాను. బోల్టులు బండి అడుగు నుంచి పైకి వస్తాయి. వాటి తలకాయలు కిందనే వెల్డింగుతో అతికించేయాలి, కింద దూరి ఎవరూ తిప్పకుండా. నట్లు పెట్టె లోపల అడుగున ఉంటాయి. మూత కీళ్లు కూడా లోపలే. పైన తాళం.

"దొంగనాకొడుకు వచ్చి ఏం పీకుతాడు చెప్పు" అన్నాను.

"దొంగ సంగతి ఉండనీ సార్. నువ్వు దింపల్లంటే ఎట్ల?"

"బీగం తీసేది, మూత ఎత్తేది, నాలుగు నట్లు ఇప్పేది. పది నిమిషాలు."

"చదువుకున్నోళ్లు చెప్తే సరే" అన్నాడు డేవిడ్. అందులో మెచ్చుకోలు ఎంత శాతమో అప్పుడు లెక్కగట్టలేదు.

పెట్టె బ్రహ్మాండంగా కుదిరింది. వారం రోజులు వాడాను. ఒక్క స్పానరు పోలేదు. దొంగ ఏయే దారుల్లో రాగలడో అన్నీ ఆలోచించి మూసేశాను. ఆ దొంగ పాత్ర నేనే వేయాల్సి వస్తుందన్న ఒక్క సంగతి తప్ప అన్నీ ఆలోచించాను.

ఇక అష్టమి సాయంత్రం నాకు ఇంకొక తెలివి పుట్టింది. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు. నాకు పోలేదు, ఎక్కువైంది. దారిలో గుంతలు పడితే రామాంజి మంచం ముందుకు జరిగి క్యాబిను వెనక అద్దానికి కొట్టుకోదూ? అద్దం కింది అంచుకు సరిగ్గా, ఈ పక్క నుంచి ఆ పక్కకు అడ్డంగా ఒక ఇనుప పైపు వేయిస్తే? బండి మళ్లీ డేవిడ్ షెడ్డుకు తోలాను. అతను పైపు కోసి, పట్టి చూసి, కళ్లద్దాలు పెట్టుకున్నాడు.

"నిప్పురవ్వలు పడతాయి. పెట్టె మూత మూసెయ్ సార్."

నేను జన్మలో చెప్పిన వెంటనే విన్న మాటలు తక్కువ. వాటిలో ఇదొకటి. మూసేశాను. తాళం కూడా వేశాను. డేవిడ్ పైపును రెండు పక్కలా అతికించాడు. ఏనుగు లాగినా రాదన్నాడు. ఆ క్షణంలో మా ఇద్దరిలో ఎవరైనా ఒకరు మూత ఎత్తి చూసి ఉంటే మీకు ఈ కథ చెప్పే శ్రమ నాకు తప్పేది.

మరునాడు మహానవమి, ఆయుధ పూజ. బండి కడిగి, పెట్టె మీద పసుపు కుంకుమ పెట్టి, అరటి పిలకలు కట్టి, తాళానికి కూడా బొట్టు పెట్టి, గుమ్మడికాయ కొట్టాం. రామాంజి తాళం తీసి, మూత సందులోంచి ఒక నిమ్మకాయ లోపలికి జారవిడిచాడు, పనిముట్లకు దిష్టి తగలకుండా. నిమ్మకాయ పోయేంత సందు చేసుకోవడానికి మూత కాస్త ఎత్తాడు కూడా. అంతకన్నా ఎత్తాల్సిన పని అతనికి రాలేదు, మళ్లీ తాళం వేసేశాడు.

పూజలో పెట్టిన పనిముట్టు మరునాడు దీపం కదిలించేదాకా పనిముట్టు కాదు, దేవుడు. ఈ సంగతి తెలిసీ నేను సాయంత్రం, "పెట్టె ఇప్పుడే దింపేద్దామా?" అన్నాను. రామాంజి నన్ను చూసిన చూపు ఇంకా గుర్తుంది.

"పూజలో ఉండేదాన్ని కదిలిస్తారేమబ్బా? నేను కొత్తగా ఒగింటికి పోతాండా. ఈ ఒక్కరోజు గమ్మునుండు."

ఆరేళ్లలో అతను నాతో అన్న అతి పొడుగాటి మాట అదే. దాన్ని గౌరవించకపోతే ఎలా? అదీగాక పది నిమిషాల పని. పొద్దున నాలుగున్నరకు లేచి, దీపం కదిలించి, పెట్టె దింపి, సామాను వేసుకుని, అయిదున్నరకు బయలుదేరితే ఎనిమిదికి ధర్మవరం.

నాలుగున్నరకు లేచాం. స్నానం చేసి, కొబ్బరికాయ కొట్టి, దీపం కదిలించాం. నేను తాళం తీశాను. మూత ఎత్తాను.

టంగుమంది.

మళ్లీ ఎత్తాను. మళ్లీ టంగుమంది. ఇద్దరం వంగి చూశాం. మూతకూ పైపుకూ మధ్య నాలుగు వేళ్ల సందు. మూత ఆ నాలుగు వేళ్లు లేచి, పైపుకు తగిలి, అక్కడితో నమస్కారం పెట్టేసింది.

మీకు తొందరగా అర్థమవుతుంది, మీరు బి.యస్సీ కారు కాబట్టి. పెట్టె దిగాలంటే లోపలి నట్లు విప్పాలి. నట్లు విప్పాలంటే మూత లేవాలి. మూత లేవాలంటే పైపు కోయాలి. పైపు కోసే రంపం పెట్టెలో ఉంది. దింపుడు పెట్టె అన్నాను, అది దిగదు. పెట్టె అన్నాను, అది తెరుచుకోదు. ఆ పొద్దున్న దానికి మిగిలింది రంగు ఒక్కటే.

"నీది సన్న చెయ్యి. నువ్వు పెట్టు" అన్నాను రామాంజితో.

అతని చెయ్యి మోచేతిదాకా పోయింది. నట్లు అందడానికి ఇంకో జానెడు చెయ్యి కావాలి. నేను తీగకు కొక్కెం వంచి ఇచ్చాను. దానితో అతను బావిలో బొక్కెన వెతికినట్టు వెతికాడు. మొదట ఒక స్క్రూడ్రైవరు వచ్చింది. తర్వాత ఎప్పుడో పోయిందనుకున్న నా దువ్వెన వచ్చింది. తర్వాత చాలాసేపటికి ఏదో మెత్తగా తగిలిందన్నాడు. లాగితే నిమ్మకాయ. చివరికి రంపం పిడి సందులోకి తల పెట్టింది, బ్లేడు లేకుండా. బ్లేడ్లు పొట్లంలో, అడుగున భద్రంగా ఉన్నాయి. వాటిని అంత భద్రంగా పెట్టింది ఎవరో వేరే చెప్పాలా?

ఊళ్లో రంపాలకేం కరువు అని పరుగెత్తాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం సామెత. నా విషయంలో ఆకులన్నీ పూజలో ఉన్నాయి. వీధి చివర వడ్రంగి ఆచారి పళ్లు తోముకుంటూ, తాను స్నానం చేసి దీపం కదిలించేదాకా తన ముట్లను తానే ముట్టనని, నన్నెందుకు ముట్టనిస్తానని, చాలా మర్యాదగా చెప్పాడు. సైకిలు షాపతను నిద్రలోంచే వద్దన్నాడు. అప్పుడు నాకు డేవిడ్ గుర్తొచ్చాడు. డేవిడ్ పొద్దున్నే ప్రార్థన చేసుకునే మనిషి. అతనికి ఆయుధ పూజతో ఏం పని?

"నాకేం పట్టింపు లేదు సార్" అన్నాడు డేవిడ్, దుప్పటి కప్పుకుని గడపలో నిలబడి. "మిషను సగం నాగరాజుది. బొట్టు పెట్టి, షెడ్డుకు బీగమేసుకోని రొళ్లకు పోయినాడు. రేపు వస్తాడు."

నాగరాజు డేవిడ్ భాగస్తుడు. ఆ మాట విని నేను, "నీ సగం వాడుకో అయితే" అన్నాను.

"నా సగంలో వైరు ఉండాది సార్. కరెంటు నాగరాజు సగంలో ఉండాది."

అయినా మంచివాడు, దుప్పటితోనే వచ్చి చూశాడు. మూత ఎత్తాడు, టంగుమనిపించాడు, రామాంజి వైపు తిరిగి, "మూసెయ్‌మంటి. మళ్ల తెరిసి చూసుకోవద్దని నేను చెప్పలేదే" అన్నాడు.

అప్పటికి ఆరు దాటింది. గది ముందు మంచం, పరుపు, రెండు ట్రంకు పెట్టెలు, సైకిలు, టేబులు ఫ్యాను వీధిలో నిలబడి మా వైపే చూస్తున్నాయి. నేను కింద దూరి, వెల్డింగు చేసిన బోల్టు తలకాయలను సుత్తి బదులు బండరాయితో కొడుతున్నాను. అవి కదల్లేదు. పనితనం అంటే అది. డేవిడ్ పక్కనే ఉండి, "రాదు సార్, నేనే చేసినా" అని గర్వంగా చెబుతున్నాడు.

నేను బయటికి వచ్చేసరికి వీధిలో ఇంకొక బండి ఉంది. అరటి పిలకలు కట్టిన టెంపో. స్టేషనుకు పూలు దించి తిరిగి పోతున్నదాన్ని రామాంజి ఆపాడు. మాట్లాడాడు కూడా. మంచం అప్పటికే ఎక్కుతోంది.

"ఇంగ పది నిమిషాలు చూడప్పా" అన్నాను.

"టయమయితాది. నేను పోతా" అన్నాడు రామాంజి. కోపం లేదు. కోపం ఉంటే బాగుండేది. "డ్రైవరుకు దారి తెల్దంట, పక్కన కూర్చోవల్ల. నువ్వు ఎనకాలే రా."

అన్నీ టెంపోలో పట్టాయి. మిగిలింది ఒక దిండు. పరుపు మడతలోంచి జారి గడప మీద పడింది. దాన్ని తీసుకుని నా బండిలో పెట్టాను. అలా ఏడడుగుల బండి, రెండడుగుల పెట్టె, ఒక దిండు ధర్మవరం బయలుదేరాయి.

దిండును వెనక వేయలేదు, దుమ్ము పడుతుందని. ముందు సీట్లో కూర్చోబెట్టాను. సోమందేపల్లి దాటేదాకా టెంపో కనబడుతూనే ఉంది. వెనక మంచం నాలుగు కాళ్లూ ఆకాశానికి ఎత్తి పోతోంది. తర్వాత అది ముందుకు పోయింది. నేను దారిలో మాట్లాడదామనుకున్న నాలుగు మాటల్లో రెండు గుర్తొస్తే దిండుకు చెప్పాను. రామాంజి కంటే అదేమీ తక్కువ మాట్లాడలేదు.

పెనుకొండలో టెంపో ఆగి ఉండదని నాకు తెలుసు. అయినా హోటలు ముందు నా కాలు బ్రేకు మీద పడింది. లోపల కూర్చుని, "రెండు కాఫీ" అన్నాను. అలవాటు. సర్వరు రెండు గ్లాసులు పెట్టి, నా ఎదుటి కుర్చీ చూశాడు, తలుపు వైపు చూశాడు.

"ఇంగొగాయప్ప యాడ?"

"వస్తాండాడు" అన్నాను.

ఎందుకలా అన్నానో అడగొద్దు. అన్న తర్వాత కాసేపు కూర్చోవాల్సి వచ్చింది, మర్యాదకు. నాది తాగి, రెండోది చల్లారాక అదీ తాగాను. కోట కొండ మీద ఎండ పడుతోంది. చూడముచ్చటగా ఉందని చెప్పడానికి ఎవరూ లేరు కనుక నాకు కూడా అలా అనిపించలేదు.

ధర్మవరం చేరేసరికి తొమ్మిదింబావు. గడపలో కుడికాలు పెట్టడం అయిపోయింది. హారతి అయిపోయింది. ఆ వీధిలో ఎప్పుడూ వినిపించే మగ్గాల చప్పుడు కూడా లేదు. పండగ కదా, అవీ కుంకుమ పెట్టించుకుని పడుకున్నాయి. బయట టెంపో డ్రైవరు ఒక ఓళిగ, అదే బొబ్బట్టు, తింటూ నా బండి చుట్టూ తిరుగుతున్నాడు. పైపును చేత్తో తట్టాడు.

"మంచం దీని మీద ఆనించి, ఎనక డోరుకు కట్టుంటే సాలు కదప్పా. కింద సామానంతా పట్టేది. పెట్టె యాల దింపల్ల?"

నేను పైపును చూశాను. దాని మీద ఆనడానికే దాన్ని వేయించాను. ఆ మంచం కోసమే. ఆ మంచం ఆనడానికి సరిపోయే ఎత్తులోనే. పది రూపాయల తాడు తెచ్చి కట్టి ఉంటే అయిదున్నరకే బయలుదేరేవాళ్లం. పెట్టె దింపుతానని మాట ఇచ్చాను గనుక దింపడం ఒక్కటే నా కళ్లకు కనిపించింది. ఆ డ్రైవరు ఎన్నో క్లాసు చదివాడో అడుగుదామనుకున్నాను. ఏ జవాబు వచ్చినా నాకే నష్టమని మానుకున్నాను.

లోపల ఆకు వేశారు. రామాంజి కొత్త పంచెలో, కొత్త మనుషుల మధ్య, ఎవరో అడిగినదానికి నవ్వుతూ జవాబు చెబుతున్నాడు. ఒక పోస్టుకార్డుకు సరిపడా మాటలు నేను చూస్తుండగానే అయిపోయాయి. అవ్వ నా ఆకులో మూడో ఓళిగ వేస్తూ, ఎవరి తాలూకు అని అడిగింది. "బండాయప్ప అవ్వా" అని పక్కనున్న ఆమె చెప్పింది. అది అబద్ధం కాదు.

బయలుదేరేటప్పుడు రామాంజి వీధి దాకా వచ్చాడు.

"పెట్టె దిగిండ్లేదా?"

"లేదు."

"పోనీలే" అన్నాడు. నేను దిండు తీసి ఇచ్చాను. అతను దాన్ని చూసి, ఇంటి వైపు చూసి, నాకే తిరిగి ఇచ్చాడు. "ఈడ కొత్తవి ఉండాయప్పా. నువ్వే పెట్టుకో."

అలా ఆ దిండు నూట అరవై కిలోమీటర్లు తిరిగి, బయలుదేరిన గదికే చేరింది. వెళ్లేటప్పుడు చెప్పని మిగతా రెండు మాటలు వచ్చేటప్పుడు గుర్తొచ్చాయి. చెప్పలేదు. ఆ పాటికి దిండుకు కూడా నా మీద నమ్మకం పోయినట్టుంది.

మరునాడు నాగరాజు రొళ్ల నుంచి వచ్చి దీపం కదిలించాడు. మిషనులోని రెండు సగాలూ కలిశాయి. పైపు నాలుగు నిమిషాల్లో తెగింది. మూత లేచింది, నట్లు ఊడాయి. ఈసారి నేను బొమ్మ గీయలేదు. నోరు తెరవలేదు. డేవిడ్ బోల్టులు కోసేసి, తనకు తోచినట్టు రెండు కొక్కేలు, రెండు చీలలు పెట్టాడు. చీలలు లాగితే పెట్టె వచ్చేస్తుంది. నట్లు లేవు, స్పానరు అక్కర్లేదు, బి.యస్సీ అసలే అక్కర్లేదు.

అక్కడే, వెల్డింగు పొగ సాక్షిగా, మిషను మీద ఆరిన కుంకుమ సాక్షిగా నేను ఒక ప్రతిజ్ఞ చేశాను. ఇకమీదట మూత మూసి ఉన్న ఏ పెట్టె దగ్గరా వెల్డింగు చేయించను. రంపాన్ని రంపం కోయవలసిన చోట దాచను. ఆయుధ పూజ ముందు రోజు తెలివి పుడితే దాన్ని దశమి దాటేదాకా పుట్టనివ్వను. ఎవరి మంచమైనా సరే, ముందు కట్టి చూస్తాను, తర్వాతే ఆలోచిస్తాను. ఈ ప్రతిజ్ఞను ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా తప్పలేదు. తప్పే అవకాశం రాలేదనేది వేరే సంగతి.

డేవిడ్ ఒక పక్క, నేను ఒక పక్క పట్టి పెట్టెను కిందికి దించాం. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. వెనక ఏడడుగులూ ఖాళీగా, నున్నగా, ఇంకా కొంచెం టమాటా వాసనతో బయటపడ్డాయి. డేవిడ్ చేతులు తుడుచుకున్నాడు.

"బాగా దిగింది సార్" అన్నాడు. "ఇంగ ఎవురి సామాన్లు ఏసుకోని పోతావు?"